ఆన్‌లైన్ అమ్మకాలకు డబ్బు ఎలా తీసుకోవాలి? బెజవాడ, గుంటూరు చిన్న వ్యాపారులకు

"ఏ పేమెంట్ గేట్‌వే మంచిది?" మంగళగిరి చీరలు అమ్మేవారు అడుగుతారు, గుంటూరులో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి పంపేవారు అడుగుతారు, కొండపల్లి బొమ్మలకు వెబ్‌సైట్ పెట్టుకున్నవారూ అడుగుతారు. గేట్‌వే అంటే కొనేవారి కార్డు, యూపీఐ చెల్లింపులు తీసుకుని మీ ఖాతాకు చేర్చే సంస్థ. ఆ సంస్థ పేరు ఒక్కటి చెబితే చాలని అందరి ఆశ. సంస్థల మధ్య తేడా తరచుగా అర శాతానికి అటూ ఇటూ ఉంటుంది. డబ్బు తీసుకునే పద్ధతినే తప్పుగా ఎంచుకుంటే పోయేది అంతకు ఎన్నో రెట్లు. కాబట్టి సంస్థ పేరు సంగతి తర్వాత చూద్దాం, ముందు పద్ధతి తేల్చుకోండి.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- పాన్, ఆధార్.
- వ్యాపారానికి విడిగా ఒక బ్యాంకు ఖాతా. కరెంట్ ఖాతా అయితే మేలు. ఇంటి ఖర్చుల ఖాతా వద్దు, కారణం కింద ఉంది.
- ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) పత్రం. ప్రభుత్వ పోర్టల్‌లో ఇది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైట్లు మధ్యవర్తులవి.
- తినే వస్తువులైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నమోదు. గేట్‌వే వారు దీన్ని అడుగుతారు.
- అవసరమైతే జీఎస్టీ. ఇక్కడ చాలామంది ఒక విషయం మరిచిపోతారు: హైదరాబాద్ ఇప్పుడు వేరే రాష్ట్రం. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే టర్నోవరు ఎంత తక్కువైనా సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి. కొన్ని హస్తకళా వస్తువులకు మినహాయింపు ఉంది, మీ వస్తువు అందులో ఉందో లేదో ఆడిటరును అడగండి. కూకట్‌పల్లికి వెళ్లే పచ్చడి డబ్బాకు మాత్రం ఆ మినహాయింపు లేదు.
- గత నెల ఆర్డర్ల పుస్తకం. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

1. గత నెల ఆర్డర్లను లెక్క తీయండి

నాలుగు గడులు గీయండి: ఆర్డరు ఎక్కడినుంచి వచ్చింది (వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, వెబ్‌సైట్), ఎంత విలువ, ఏ ఊరికి, డబ్బు ఎలా ఇచ్చారు. నెల మొత్తం రాశాక చూస్తే సగం నిర్ణయం దానంతట అదే జరిగిపోతుంది. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లో మాట్లాడుకుని వచ్చేవే అయితే వెబ్‌సైట్ గేట్‌వే కోసం ఇప్పుడు తొందరపడనక్కరలేదు. సగటు ఆర్డరు నాలుగైదు వేలు దాటే పట్టు చీరలైతే క్రెడిట్ కార్డు, వాయిదాల సౌకర్యం లేకుండా నడవదు. ఇంకా అమ్మకాలు మొదలుపెట్టనివారు ఈ మెట్టు దాటేసి, 3వ మెట్టులోని మొదటి దారితో ప్రారంభించండి.

2. ఒక్క ఆర్డరు మీద ఖర్చు తేల్చండి

శాతాలు చూస్తే కళ్లు తిరుగుతాయి, రూపాయలు చూడండి. రూ.1,000 ఆర్డరు తీసుకుందాం.

యూపీఐ: 2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతా నుంచి జరిగే యూపీఐ చెల్లింపుల మీదా రూపే డెబిట్ కార్డు మీదా వ్యాపారి రుసుము సున్నా. మీకు వెయ్యికి వెయ్యీ వస్తుంది. అయితే రెండు మెలికలు ఉన్నాయి. కొనేవారు యూపీఐకి రూపే క్రెడిట్ కార్డు కలిపి చెల్లిస్తే రుసుము పడవచ్చు (చిన్న వ్యాపారులకు రూ.2,000 లోపు పడదు). రెండోది, గేట్‌వే ద్వారా యూపీఐ తీసుకుంటే కొన్ని సంస్థలు తమ వేదిక వాడినందుకు విడిగా రుసుము వేస్తాయి. "యూపీఐకి సున్నా" అని ప్రకటనలో ఉన్నా రేటు కాగితంలో ఆ వరుస వెతకండి.

కార్డులు: గేట్‌వేలు ఎక్కువగా 2 శాతం దగ్గర చెబుతాయి. చెల్లింపు రూ.2,000 దాటితే ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ కూడా. మన వెయ్యి రూపాయల ఆర్డరుకు రుసుము రూ.20. మీ చేతికి రూ.980. డెబిట్ కార్డుల మీద 2018 జనవరి నుంచి రిజర్వు బ్యాంకు పరిమితి ఉంది: ఏడాదికి రూ.20 లక్షల లోపు టర్నోవరు ఉన్నవారికి 0.40 శాతం, పైన ఉన్నవారికి 0.90 శాతం. మరి 2 శాతం ఎందుకని అడిగితే మిగిలినది తమ సేవా రుసుమని చెబుతారు. అయినా అడగండి. నెలకు కాస్త వ్యాపారం కనబరిస్తే డెబిట్ కార్డు రేటు తగ్గించేవారు ఉన్నారు, అడగనివారికి మాత్రం ఎవరూ తగ్గించరు.

క్యాష్ ఆన్ డెలివరీ: ఉచితం అనిపించే ఖరీదైన దారి ఇదే. కొరియరు అందిన ఒక్కో పార్సిలుకు వసూలు రుసుము రూ.40, పంపడానికి రూ.70, తిరిగి రావడానికి మరో రూ.70 తీసుకుంటుందనుకుందాం. పది పార్సిళ్లలో రెండు తిరిగి వచ్చాయి. ఆ రెండిటి రానుపోను ఖర్చు రూ.280. దాన్ని అందిన ఎనిమిదింటి మీద పంచితే ఒక్కోదానికి రూ.35. దానికి వసూలు రుసుము కలిపితే రూ.75. కార్డు రుసుముకు ఇది మూడున్నర రెట్లకు పైనే. పైగా చీర తిరిగి వస్తే మళ్లీ మడత పెట్టి అమ్మవచ్చు. మే నెల ఎండలో వారం రోజులు లారీల్లో తిరిగి వచ్చిన ఆవకాయ డబ్బాను మరొకరికి పంపగలరా? పచ్చళ్లవారికి నా సలహా ఒక్కటే: క్యాష్ ఆన్ డెలివరీ తీసేయండి. తీసేయడానికి మనసొప్పకపోతే, ఆర్డరు ఖాయం కావాలంటే రూ.100 ముందుగా యూపీఐలో కట్టమనండి. సరదాకి ఆర్డరు పెట్టేవారు అక్కడే ఆగిపోతారు.

మీ కొరియరు రేట్లు, మీ వాపసుల సంఖ్య పెట్టి ఇదే లెక్క మళ్లీ వేయండి. నా అంకెలు పద్ధతి చూపడానికి మాత్రమే.

3. మూడు దారుల్లో ఒకటి పట్టుకోండి

మొదటి దారి, వ్యాపారి క్యూఆర్ కోడ్. రోజుకు పది పదిహేను ఆర్డర్ల లోపు, అన్నీ ఫోనులో మాట్లాడుకుని వచ్చేవి అయితే ఇది చాలు. బ్యాంకు యాప్‌లోనో, యూపీఐ యాప్‌ల వ్యాపార విభాగంలోనో వ్యాపారిగా నమోదు చేసుకుని తీసుకోండి. మీ సొంత నంబరుకు స్నేహితులు పంపినట్లు పంపించుకోవడం వేరు, ఇది వేరు.

రెండో దారి, పేమెంట్ లింకు. వెబ్‌సైట్ లేకున్నా గేట్‌వే సంస్థ దగ్గర ఖాతా తెరిచి, ప్రతి ఆర్డరుకూ ఆ మొత్తం నింపిన లింకు వాట్సాప్‌లో పంపవచ్చు. కొనేవారు కార్డుతో అయినా యూపీఐతో అయినా కడతారు. ఎవరు కట్టారో, దేనికి కట్టారో వెతుక్కోనక్కరలేదు, లింకు మీదే ఆర్డరు నంబరు ఉంటుంది. విజయవాడ, గుంటూరులలో ఇంటి నుంచి నడిపే వ్యాపారాల్లో ఎక్కువ వాటికి సరిపోయేది ఇదే అని నా అభిప్రాయం. వెబ్‌సైట్ చేయించేవారు ఈ మాట చెప్పరు.

మూడో దారి, వెబ్‌సైట్‌లో గేట్‌వే. రాత్రి మీరు నిద్రపోతున్నప్పుడు కూడా ఆర్డర్లు వస్తున్నాయి, చేత్తో లింకులు పంపలేకపోతున్నారు అన్నప్పుడు ఇది. అంతకుముందు పెడితే రుసుములు, వెబ్‌సైట్ నిర్వహణ ఖర్చు అదనపు బరువు.

పెద్ద మార్కెట్‌ప్లేస్‌లలో అమ్మితే చెల్లింపుల గొడవ వారిదే, కానీ కమీషన్ కూడా వారిదే. కొనేవారి ఫోను నంబరు మీకు దక్కదు. దాన్ని పక్కదారిగా ఉంచుకోండి.

4. సంస్థను పరీక్షించండి

ఇతరుల తరఫున డబ్బు వసూలు చేసే సంస్థలకు రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. 2020 మార్చిలో వచ్చిన నిబంధనల ప్రకారం అవి మీ డబ్బును తమ సొంత ఖాతాలో కలపకుండా బ్యాంకులో ఎస్క్రో అనే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. అనుమతి ఉన్న సంస్థల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటుంది. పేరు అందులో లేకపోతే రేటు ఎంత తక్కువైనా వెనక్కి రండి. బ్రాండు పేరు ఒకటి, కంపెనీ పేరు ఒకటి ఉంటుంది, జాబితాలో కంపెనీ పేరుతో వెతకండి.

తర్వాత ఈ ప్రశ్నలు ఈమెయిల్‌లో పంపి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోండి. ఫోనులో చెప్పిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

- డబ్బు నా ఖాతాలోకి ఎన్ని పనిదినాల్లో వస్తుంది? శనివారం వచ్చిన ఆర్డరు డబ్బు ఏ రోజు పడుతుంది?
- చేరడానికి, ఏడాదికి, యూపీఐకి విడిగా రుసుములు ఉన్నాయా?
- నేను రిఫండ్ ఇస్తే ముందు కోసుకున్న రుసుము తిరిగి ఇస్తారా? (చాలాచోట్ల ఇవ్వరు.)
- ఏ పరిస్థితుల్లో నా డబ్బు ఆపుతారు? ఎంతకాలం?
- సమస్య వస్తే మాట్లాడటానికి మనిషి ఉన్నాడా?

మొదటి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో నున్న మార్కెట్లో మామిడి కాయ కొనాలన్నా, కారానికి మిర్చి తేవాలన్నా డబ్బు చేతిలో ఉండాలి. రెండు పనిదినాల పద్ధతిలో శనివారం అమ్మిన డబ్బు మంగళవారం దాకా రాకపోవచ్చు. అదే రోజు ఇచ్చే సౌకర్యం చాలా సంస్థల దగ్గర ఉంది, అదనపు రుసుముకు. సీజన్‌లో మాత్రం వాడుకుని తర్వాత ఆపేయండి. ఆపడం మరిచిపోతే అది ఏడాదంతా కోస్తూనే ఉంటుంది.

5. పత్రాల్లో పేర్లు సరిచూడండి

దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యేది ఎక్కువగా ఇక్కడే. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు ఖాతాలో ఒక్క అక్షరం ఉంటుంది. పెళ్లయిన మహిళలకు ఇంకో చిక్కు: పాన్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. గేట్‌వే వారు మీ ఖాతాలో ఒక్క రూపాయి వేసి, బ్యాంకు తిరిగి చెప్పే పేరును పాన్ పేరుతో పోలుస్తారు. తేడా ఉంటే దరఖాస్తు ఆగుతుంది. ముందే బ్యాంకుకు వెళ్లి ఖాతా పేరును పాన్‌కు సరిపోయేలా మార్పించుకుని, ఆ తర్వాత దరఖాస్తు పెట్టండి. ఈ వరుస తప్పితే వారాలు పోతాయి.

వెబ్‌సైట్ ఉంటే అందులో ఐదు పేజీలు తప్పక ఉండాలి: చిరునామా-ఫోను, నిబంధనలు, గోప్యతా విధానం, రిఫండ్-రద్దు విధానం, డెలివరీ వివరాలు. ధరలు రూపాయల్లో కనిపించాలి. వేరే సైటు నుంచి ఈ పేజీలు ఎత్తిపెట్టేవారు చాలామంది. అందులో పాత కంపెనీ పేరు మిగిలిపోయి దొరికిపోతారు. "పచ్చళ్లు వాపసు తీసుకోము, సీసా పగిలితే 24 గంటల్లో ఫోటో పంపితే కొత్తది పంపుతాం" అని మీ మాటల్లో రెండు వాక్యాలు రాసినా చాలు.

వ్యాపార రకం ఉన్నది ఉన్నట్లు చెప్పండి. చీరలని నమోదు చేసి, తర్వాత అదే ఖాతాలో పచ్చళ్లు అమ్మితే ఏదో ఒక రోజు సెటిల్‌మెంట్ (గేట్‌వే మీ ఖాతాలో వేసే జమ) ఆగుతుంది. కొత్త సరుకు చేర్చేముందు వారికి రాయండి.

6. నిజమైన డబ్బుతో పరీక్షించండి

రూ.10 ధరతో ఒక వస్తువు పెట్టి ఇవన్నీ చేయండి:

- యూపీఐతో ఒకసారి, కార్డుతో ఒకసారి కొనండి. అమ్మ ఫోనో, పాత ఫోనో తీసుకుని చేయండి. మీ కొత్త ఫోనులో అన్నీ బాగానే పనిచేస్తాయి.
- యూపీఐ పిన్ కొట్టగానే, వెబ్‌సైట్‌కు తిరిగి వచ్చేలోపు బ్రౌజరు మూసేయండి. ఇప్పుడు మీ ఆర్డర్ల పట్టికలో ఏముంది? "చెల్లింపు అందింది" అని ఉంటే సరే. "పెండింగ్" అనే ఉండిపోతే మీ వెబ్‌సైట్‌కూ గేట్‌వేకూ మధ్య వెబ్‌హుక్ (డబ్బు అందిందని గేట్‌వే మీ సైటుకు దానంతట అదే కబురు పంపే ఏర్పాటు) అమర్చలేదు. అంటే డబ్బు వచ్చినా ఆర్డరు కనబడదు. కొనేవారు రెండు రోజులాగి తిట్టేదాకా మీకు తెలియదు. సైటు చేసినవారి చేత ఇది సరిచేయించకుండా ప్రారంభించవద్దు.
- ఒక రిఫండ్ ఇవ్వండి, అది ఎన్ని రోజులకు వెనక్కి వచ్చిందో రాసుకోండి. రేపు కొనేవారికి చెప్పవలసిన గడువు అదే.
- డబ్బు మీ బ్యాంకు ఖాతాలో పడేదాకా ఆగండి. గేట్‌వే తెరమీద "విజయవంతం" అన్నది సగం పరీక్షే.

7. ప్రతిరోజూ సరిపోల్చండి

గేట్‌వే ఆర్డరుకొక జమ వేయదు, రోజు మొత్తం కలిపి రుసుము కోసి ఒక్క జమ వేస్తుంది. సోమవారం రూ.1,180, రూ.650, రూ.2,400 ఆర్డర్లు వచ్చాయనుకోండి. మొత్తం రూ.4,230. మొదటి రెండూ రుసుము లేని యూపీఐ, మూడోది కార్డు: రూ.48 రుసుము, దాని మీద జీఎస్టీ రూ.8.64. ఖాతాలో పడవలసింది రూ.4,173.36. సెటిల్‌మెంట్ నివేదికలోనూ బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనూ పైసలతో సహా అదే అంకె ఉండాలి.

పుస్తకంలో అమ్మకం రూ.4,230గానే రాయండి, ఖాతాలో పడిన మొత్తాన్ని అమ్మకంగా రాయకండి. రుసుము ఖర్చు కింద వెళ్తుంది. జీఎస్టీ నమోదు ఉంటే ఆ రూ.8.64ను క్రెడిట్‌గా తీసుకునే వీలుంటుంది, నెలాఖరున గేట్‌వే ఇచ్చే బిల్లు దించుకుని ఆడిటరుకు ఇవ్వండి.

క్యూఆర్ వాడేవారు ప్రతి చెల్లింపుకూ వచ్చే 12 అంకెల యూటీఆర్ నంబరును (ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్యను) స్టేట్‌మెంట్‌తో సరిచూడండి. స్క్రీన్‌షాట్ చూసి పార్సిలు కట్టవద్దు. చెల్లింపు జరిగినట్లు చూపే నకిలీ యాప్‌లు ఉన్నాయి, దసరా రద్దీలో ఎవరూ నిదానంగా చూడరని వాటిని వాడేవారికి తెలుసు. ఎస్ఎంఎస్‌నూ నమ్మవద్దు, మీ బ్యాంకు యాప్ తెరిచి చూడండి.

"డబ్బు పోయింది, ఆర్డరు రాలేదు" అన్న ఫోను వస్తే వెంటనే జేబులోంచి తిరిగి ఇవ్వకండి. వ్యాపారికి అందని యూపీఐ చెల్లింపు ఐదు రోజుల్లోగా దానంతట అదే కొనేవారి ఖాతాకు తిరిగి వెళ్లాలి, ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలని 2019లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. మీరు కూడా ఇస్తే ఆయనకు రెండుసార్లు అందుతుంది, రెండోది వెనక్కి రాదు. యూటీఆర్ నంబరు తీసుకుని, గేట్‌వేలో వెతికి, ఫలానా తేదీలోగా వస్తుందని చెప్పండి.

8. విదేశాల్లో ఉన్నవారు కొంటే

మన రెండు ఊళ్లలో ఏ వ్యాపారానికైనా అమెరికాలో ఉన్న కొనుగోలుదారులు ఉంటారు. తెనాలిలో ఉన్న అమ్మకు చీర పంపమని డల్లాస్ నుంచి ఆర్డరు వస్తుంది. వారికి ఇక్కడ ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతా (ప్రవాస భారతీయుల బ్యాంకు ఖాతా) ఉందేమో ముందు అడగండి. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, యూఏఈ సహా పది దేశాల ఫోను నంబర్లతో ఆ ఖాతాలకు యూపీఐ వాడేందుకు 2023లో అనుమతి వచ్చింది. వారి బ్యాంకులో ఆ సౌకర్యం ఉంటే వారికీ మీకూ ఖర్చు లేని దారి ఇదే.

అది లేకపోతే విదేశీ కార్డులు. గేట్‌వేలో వీటికి విడిగా అనుమతి అడగాలి, రుసుము దేశీయ కార్డులకంటే ఎక్కువ. పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి దేశంలోపలి చెల్లింపులు ఆపేసింది కానీ విదేశాల నుంచి తీసుకోవడానికి పనికొస్తుంది. రుసుముతోపాటు డాలరును రూపాయిగా మార్చే రేటులో కూడా కోత ఉంటుంది, రెండూ కలిపి లెక్క వేయండి. సరుకు కూడా విదేశానికే వెళ్తుంటే అది ఎగుమతి, డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) నుంచి ఐఈసీ (ఎగుమతి, దిగుమతి) కోడ్ తీసుకోండి. అక్కడి బంధువు ఖాతాలో వేయించుకుని తర్వాత తెప్పించుకునే ఏర్పాటు పన్ను లెక్కల్లో మెడకు చుట్టుకుంటుంది.

తరచుగా జరిగే తప్పులు

ఇంటి ఖాతాలో వ్యాపారం. సైబర్ మోసానికి గురైనవారు 1930 హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు ఏయే ఖాతాల్లోకి వెళ్లిందో వరుసగా పట్టుకుని బ్యాంకులు ఆపుతాయి. మోసగాడు ఆ డబ్బులో రూ.3,000తో మీ దగ్గర చీర కొన్నాడంటే ఆ మొత్తం, ఒక్కోసారి ఖాతా మొత్తం, స్తంభించవచ్చు. అది జీతం పడే ఖాతా, పిల్లల ఫీజు కట్టే ఖాతా అయితే? అందుకే వేరే ఖాతా. బిల్లు, వాట్సాప్ సంభాషణ, కొరియరు రసీదు దాచి ఉంచితే బ్యాంకుకూ పోలీసులకూ నిజమైన అమ్మకమని చూపగలరు.

"పొరపాటున ఎక్కువ పంపాను, ఈ నంబరుకు తిరిగి వేయండి" అంటే వేయడం. వచ్చిన చోటికే రిఫండ్ ఇవ్వండి, మరో నంబరుకు వద్దు. డబ్బు తీసుకోవడానికి మీరు పిన్ కొట్టవలసిన అవసరం ఎప్పుడూ ఉండదు.

యూపీఐకి అదనపు రుసుము వేయడం. వద్దు. ధరలోనే సర్దుకోండి.

ఫోనులో కార్డు నంబరు రాసుకోవడం. పెద్దవాళ్లు నమ్మకంతో చెబుతారు, మీరు రాసుకోవద్దు. 2022 అక్టోబరు నుంచి వ్యాపారులు కార్డు వివరాలు దాచుకోవడం నిషేధం. లింకు పంపండి.

చార్జ్‌బ్యాక్ ఈమెయిల్ చూడకపోవడం. కార్డుతో కొన్నవారు తమ బ్యాంకుకు "సరుకు అందలేదు" అని ఫిర్యాదు చేస్తే గేట్‌వే మీకు గడువు పెట్టి ఆధారాలు అడుగుతుంది. గడువు కొద్ది రోజులే. జవాబివ్వకపోతే మీరు ఓడిపోయినట్లే, డబ్బు మీ సెటిల్‌మెంట్‌లో కోసేస్తారు. పంపవలసినవి: బిల్లు, ట్రాకింగ్ నంబరు, అందినట్లు సంతకమో ఓటీపీయో ఉన్న కొరియరు పత్రం, కొనేవారితో జరిగిన సంభాషణ. గేట్‌వేలో నమోదు చేసిన ఈమెయిల్ వెబ్‌సైట్ చేసిన కుర్రాడిదా, మీదా? ఇప్పుడే ఒకసారి తెరిచి చూసుకుని, అతనిది ఉంటే మార్పించండి.